సుడుల లెక్క : రొద్దం నరసింహ

వానకాలమున ధర్మపురి మెట్లమీద నిలిచి గోదావరిని చూచిన వారికి ఒక సంగతి తెలియును. నది అంతయు ఒకే తీరున పారదు. నడిధార వడిగా సాగిపోవుచుండును. ఒడ్డు చేరువ నీరు మెల్లగా కదలుచుండును. మెట్ల మూలలకు తాకినచోట చిన్న సుడులు పుట్టును, క్షణకాలము గిరగిర తిరుగును, విచ్చిపోవును, మరల వేరొకచోట పుట్టును. ఒక సుడి వలె మరియొక సుడి ఉండదు. తరతరములుగా జనులు ఈ సుడులను చూచుచునే యున్నారు. వానికి జంకి దూరముగా స్నానము చేయుచున్నారు. కాని వాని లెక్క యేమో చెప్పగలవారు మిక్కిలి అరుదు.

నేను ఉపాధ్యాయుడనై యున్న దినములలో ఒకమారు ఎనిమిదవ తరగతి బాలురను కోరుట్ల ప్రాంతమున కాకతీయ కాలువ చూపుటకు తీసికొనిపోతిని. శ్రీరామసాగరము నీరు నిండుగా పారుచుండెను. వంతెన మీద నిలిచి రెండు గడ్డిపరకలను ఒకే క్షణమున, ఒకే చోట జారవిడిచితిమి. రెండును కొంతదూరము జోడుగా పోయెను. పిదప ఒకటి కుడిగట్టునకు చేరెను. మరియొకటి నడిధారలో కలిసి కనుమరుగయ్యెను. అప్పుడొక బాలుడు, "సార్, రెండును ఒకచోటనే వేసితిమి గదా! ఏది ఎటు పోవునో ముందుగనే చెప్పలేమా?" అని అడిగెను. "చెప్పలేము నాయనా" అంటిని. అతడు ఊరకుండక, "ఇప్పుడు చెప్పలేమా, ఎన్నటికిని చెప్పలేమా?" అనెను. నేను వెంటనే బదులు చెప్పలేకపోతిని.

ఆ బాలుని ప్రశ్న చిన్నది కాదు. రెండు శతాబ్దులుగా లోకమునందలి గొప్ప గణితజ్ఞులు దానితో పెనుగులాడుచున్నారు. ఆ పెనుగులాటలో తన జీవితమంతయు గడిపిన భారతీయ శాస్త్రజ్ఞుడు రొద్దం నరసింహ. ఆయన కథ తెలిసికొనుటకు ముందు ప్రవాహముల స్వభావమును కొంత తెలిసికొనుట మంచిది.

గాలి కదలని గదిలో ఒక ఊదువత్తి వెలిగించి చూడుడు. పొగ మొదట కొంత ఎత్తువరకు తీగవలె నిటారుగా లేచును. తరువాత వంకరలు పోయి, చిక్కుపడి, చెదరి గదియంతయు వ్యాపించును. మొదటి భాగమును ధారారేఖా ప్రవాహమనియు, రెండవ భాగమును సంక్షుబ్ధ ప్రవాహమనియు శాస్త్రజ్ఞులు పిలుతురు. 1883లో ఆస్‌బర్న్ రెనాల్డ్స్ అను ఆచార్యుడు మాంచెస్టరు నగరమున ఒక గాజుగొట్టములో నీటిని పారించి, దాని నడుమ రంగునీటిని సన్నని దారమువలె విడిచెను. నీరు మెల్లగా పారునంతవరకు ఆ రంగుదారము తెగలేదు. వేగమును పెంచగా ఒక దశలో దారము వణకి, చిట్లి, నీటిలో కలిసిపోయెను. ద్రవపు సాంద్రతను, వేగమును, గొట్టపు వ్యాసమును గుణించి స్నిగ్ధతచే, అనగా ద్రవపు చిక్కదనముచే, భాగించిన వచ్చు సంఖ్యపై ఈ మార్పు ఆధారపడియున్నదని ఆయన కనుగొనెను. గొట్టములలో ఆ సంఖ్య సుమారు 2,000 దాటిన పిదప సంక్షోభమునకు అవకాశము కలుగును. దానినే నేడు రెనాల్డ్స్ సంఖ్య అందురు.

సంక్షోభము కీడు మాత్రమే చేయునని తలపరాదు. పొయ్యిమీది వేడి గదిలో వ్యాపించుట, పువ్వుల పరిమళము వాకిటివరకు వచ్చుట, నేలనుండి లేచిన తేమ ఆకాశమున మేఘమగుట, ఇవన్నియు గాలిలోని సుడుల చలువయే. అయితే విమానపు రెక్కమీద గాలి సంక్షుబ్ధమైనచో రాపిడి హెచ్చి, ఇంధనము అధికముగ ఖర్చగును. కనుక మేలునకైనను, కీడునకైనను సుడుల నడవడి తెలియవలెను.

ప్రవాహములు అనుసరించు నియమములు తెలియనివి కావు. ఫ్రాన్సుదేశీయుడైన నావియే 1822లోను, కేంబ్రిడ్జి ఆచార్యుడైన స్టోక్స్ 1845లోను వానిని సమీకరణముల రూపమున వ్రాసిరి. న్యూటను చెప్పిన చలన నియమమే వానికి మూలము. చిక్కంతయు ఆ సమీకరణములను సాధించుటలో నున్నది. ప్రతి సుడి తన పక్క సుడిని కదపును; ఆ పక్క సుడి మరల దీనిని కదపును. ఆరంభమున వెంట్రుకవాసి తేడా యున్నను, కొంతసేపటికి అది కొండంత యగును. మన గడ్డిపరకలు విడిపోయినది అందువలననే. 2000లో అమెరికాలోని క్లే గణిత సంస్థ ఏడు కఠిన సమస్యలను ఎంచి, ఒక్కొక్కదానికి పది లక్షల డాలర్ల బహుమతి ప్రకటించెను. ఈ సమీకరణముల సమస్య అందులో ఒకటి.

రొద్దం నరసింహ 1933 జూలై 20వ తేదీన బెంగుళూరులో జన్మించెను. ఆయన ఇంటిపేరే ఆయన పూర్వులయూరు చెప్పుచున్నది. పూర్వపు అనంతపురము జిల్లాలోని రొద్దము గ్రామము వారి స్వస్థలము. అది ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో నున్నది. తండ్రి ఆర్. ఎల్. నరసింహయ్య బెంగుళూరు సెంట్రల్ కళాశాలలో భౌతికశాస్త్రము బోధించెను. శాస్త్రవిషయములను సామాన్యజనులకు తెలియునట్లు కన్నడ భాషలో వ్రాసిన పండితుడాయన. కఠినమైన సంగతిని తేటగా చెప్పు నేర్పు కుమారునకు తండ్రివలననే అబ్బెనని చెప్పవచ్చును.

నరసింహ మైసూరు విశ్వవిద్యాలయమునుండి 1953లో మెకానికల్ ఇంజనీరింగు పట్టము పొందెను. ఆ కాలమున ఇంజనీరింగు చదివిన యువకునకు రైల్వేవంటి స్థిరమైన కొలువులు సుఖకరములుగా తోచుట సహజము. కాని నరసింహ మనస్సు వేరొకచోట నుండెను. విద్యార్థిగా నున్నపుడొకమారు ఆయన భారతీయ విజ్ఞానసంస్థను చూడబోయెను. అచ్చటి ప్రాంగణమున రెండవ ప్రపంచయుద్ధ కాలపు స్పిట్‌ఫైర్ విమానమొకటి నిలిపియుండిరి. అంత బరువైన లోహయంత్రమును కంటికి కానరాని గాలి ఎట్లు మోయుచున్నది? ఆ విమానము ఆయనను మిక్కిలి ఆకర్షించెను. ఆయన అదే సంస్థలో వైమానిక శాస్త్రవిద్యార్థిగా చేరెను.

అచ్చట ఆయనకు లభించిన గురువు సతీశ్ ధవన్. శ్రీహరికోటలోని అంతరిక్ష కేంద్రమునకు 2002లో పెట్టబడిన పేరు ఈయనదే. అప్పటికి ధవన్ అమెరికానుండి తిరిగివచ్చిన యువ ఆచార్యుడు. గురుశిష్యు లిరువురును కలిసి ఒక నున్నని పలకమీద గాలిని వీపించి, అది ఎచ్చట ప్రశాంతముగ నుండునో, ఎచ్చట సంక్షుబ్ధమగునో కొలుచుటకు పూనుకొనిరి. వస్తువును అంటియుండు ఆ పలుచని గాలి పొరను సరిహద్దు పొర అందురు.

ఆ పొర ఒక్కసారిగా సంక్షుబ్ధము కాదు. తొలకరి చినుకులు ఎండిన నేలమీద పడుట మీరు చూచియుందురు. మొదట అక్కడక్కడ తడిమచ్చలు కనబడును. అవి విరివియై ఒకదానితో నొకటి కలియును. తుదకు నేలయంతయు తడియును. సరిహద్దు పొరలోకూడ అట్లే సంక్షోభము మచ్చలుగా పుట్టి, పెరిగి, ప్రవాహముతో ముందునకు జరుగును. ఎమ్మన్స్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు 1951లో ఈ మచ్చలను వర్ణించెను. అయితే చినుకులవలె ఇవి పలకయందంతట పుట్టునా? లెక్కలకును కొలతలకును పొత్తు కుదరకుండెను. ఇరువది నాలుగేండ్ల నరసింహ 1957లో ప్రచురించిన ఒక చిన్న వ్యాసమున ఈ చిక్కును విడదీసెను. మచ్చలు ఎల్లెడల పుట్టవు, ఒక సన్నని అడ్డగీత చేరువనే పుట్టును, అచ్చటినుండియే విస్తరించును. ఈ ఊహతో వేసిన లెక్క కొలతలతో చక్కగా సరిపోయెను. ఆ మరుసటి సంవత్సరము గురుశిష్యులు కలిసి విపులమైన వ్యాసము వెలువరించిరి. విమాన యంత్రముల టర్బైను రెక్కలమీద ప్రవాహమును గణించు ఇంజనీర్లు ఆ సూత్రమును నేటికిని వాడుచున్నారు.

పిదప నరసింహ అమెరికాలోని కాలిఫోర్నియా సాంకేతిక విద్యాసంస్థకు వెళ్లెను. ధవన్‌కు గురువైన హాన్స్ లీప్‌మన్ ఆయనకును గురువయ్యెను. 1957 అక్టోబరులో సోవియట్ దేశము స్పుత్నిక్ ఉపగ్రహమును ప్రయోగించుటతో లోకము దృష్టి ఆకాశమువైపు మరలెను. మిక్కిలి ఎత్తున గాలి పలుచబడును. అచ్చట మామూలు ప్రవాహ సమీకరణములు చాలవు. అట్టి పలుచని వాయువులను, ధ్వనిని మించిన వేగమున పుట్టు అఘాత తరంగములను గురించి నరసింహ పరిశోధించి 1961లో డాక్టరేటు పొందెను. కాగితముమీద తెగని సమీకరణములను యంత్రగణనముతో సంఖ్యలరూపమున సాధించు విధానము ఆయనకు ఆ కాలముననే పరిచితమయ్యెను. అచ్చట నిలిచిపోవుటకు అవకాశమున్నను ఆయన 1962లో స్వదేశమునకు మరలివచ్చి, తాను చదివిన భారతీయ విజ్ఞానసంస్థలోనే అధ్యాపకుడయ్యెను.

తరువాతి ఇరువదియేండ్లు ఆయన బెంగుళూరు ప్రయోగశాలలో చేసిన పనులలో రెండింటిని చెప్పెదను. గోడ చేరువనున్న సంక్షుబ్ధ ప్రవాహము నిలుకడగా గజిబిజి యై యుండదు. ఉండియుండి ఒక్కసారి చెలరేగును, మరల అణగును. ఈ చెలరేగుట ఎంతకాలమునకొకసారి జరుగును? అది గోడచెంతనున్న అతిపలుచని పొర స్వభావముపై ఆధారపడునని పలువురు తలచిరి. నరహరిరావు, బద్రినారాయణన్ అను సహచరులతో కలిసి నరసింహ 1971లో దానికి భిన్నమైన ఫలితమును ప్రకటించెను. ఆ కాలవ్యవధి మొత్తము పొర మందముపైనను, వెలుపలి ప్రవాహ వేగముపైనను ఆధారపడునని వారి కొలతలు చూపెను. వాకిట జరుగు అల్లరికి లోపలి గది కారణమనుకొనగా, వీధియే కారణమని తేలినట్లయ్యెను.

రెండవది మరింత వింతయైనది. ప్రశాంత ప్రవాహము సంక్షుబ్ధమగుట అందరును ఎరిగినదే. సంక్షుబ్ధమైనది మరల ప్రశాంతము కాగలదా? ప్రవాహమును తీవ్రముగా త్వరితపరచినచో కాగలదని ఆయనయు, ఆయన శిష్యుడు కె. ఆర్. శ్రీనివాసనును 1973లో సకారణముగ వివరించిరి. ఆ శ్రీనివాసన్ పిమ్మట సంక్షోభశాస్త్రమున జగత్ప్రసిద్ధుడై, ఇటలీలోని త్రియెస్తె అంతర్జాతీయ భౌతికశాస్త్ర కేంద్రమునకు సంచాలకుడయ్యెను. గురువునకు ఇంతకంటె ఘనత ఏమి కావలెను?

ఇక సుడులను లెక్కలతో అనుకరించుట యన నేమో చూతము. సమీకరణములు ఒక్క ఊపున సాధ్యము కానిచో, స్థలమును చిన్న గదులుగా విభజించి, ఒక్కొక్క గదిలో గాలి వేగమును, పీడనమును సంఖ్యలుగా వ్రాసికొని, కొంచెము కాలము తరువాత ఆ సంఖ్యలు ఎట్లు మారునో లెక్కించుకొనుచు పోవలెను. ఎల్. ఎఫ్. రిచర్డ్‌సన్ అను ఆంగ్లేయుడు మొదటి ప్రపంచయుద్ధ కాలమున ఫ్రాన్సులో క్షతగాత్రులను మోయు బండిని నడుపుచు, తీరిక వేళలలో ఈ పద్ధతితో వాతావరణమును గణించి చూచెను. ఆరు గంటల వాతావరణమునకు లెక్క వేయుటకే ఆయనకు వారములు పట్టెను. తుదకు వచ్చిన జవాబు పూర్తిగా తప్పు! గాలి పీడనము 145 మిల్లీబారులు మారునని లెక్క చెప్పగా, నిజమునకు అది ఇంచుమించు మారనేలేదు. ఆయన సిగ్గుపడి దానిని దాచలేదు. 1922లో తన గ్రంథమున తప్పుతోసహా అంతయు ప్రకటించెను. 64,000 మంది గణకులు ఒక విశాల మందిరమున కూర్చుండి ఏకకాలమున లెక్కలు వేసినచో వాతావరణముతో సమానముగ పరుగిడవచ్చునని ఊహించెను. ఆ ఊహయే పిమ్మట గణనయంత్రములతో నిజమయ్యెను.

సిరిసిల్ల బాలురకు ఈ పద్ధతిని సులభముగ చెప్పవచ్చును. మగ్గముమీద పడుగు, పేక కలిసి చిన్న చిన్న గళ్లు ఏర్పడును. నూలు ముతకదైనచో సన్నని పువ్వును నేయలేము. గడి కంటె చిన్నదైన పువ్వు బట్టలో కనబడదు. అట్లే గణనలోని గది కంటె చిన్నదైన సుడి లెక్కకు చిక్కక జారిపోవును. సన్నని సుడి కావలెనన్న సన్నని నేత కావలెను. కాని నేత సన్నగిల్లిన కొలది శ్రమ ఎంత పెరుగునో చూడుడు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడింటను గదులను రెట్టింపు చేసినచో గదుల సంఖ్య ఎనిమిది రెట్లగును. గదులు చిన్నవైనపుడు కాలపు అడుగుకూడ సగమునకు తగ్గవలెను. కనుక మొత్తము పని పదునారు రెట్లగును. 1972లో ఓర్జాగ్, ప్యాటర్‌సన్ అను అమెరికా శాస్త్రజ్ఞులు ఒక్కొక్క దిశను 32 గదులతో, అనగా మొత్తము 32,768 గదులతో, సంక్షోభమును తొలిసారి సూటిగా అనుకరించిరి. 2002లో జపానుదేశపు 'ఎర్త్ సిమ్యులేటర్' యంత్రమున ఒక్కొక్క దిశను 4,096 గదులతో గణించిరి. ఆ మొత్తము దాదాపు 6,872 కోట్లు. అయినను ఒక మేఘమును పూర్తిగా గణించుటకు అదియు చాలదు. మేఘములోని మిక్కిలి చిన్న సుడి సుమారు మిల్లీమీటరు ప్రమాణము కలది. ఒక కిలోమీటరు పొడవు, వెడల్పు, ఎత్తు గల ఆకాశమును మిల్లీమీటరు గదులుగా విభజించినచో వానిసంఖ్య ఒకటి ప్రక్కన పదునెనిమిది సున్నలు!

1984లో నరసింహ బెంగుళూరులోని జాతీయ వైమానిక ప్రయోగశాలకు సంచాలకుడయ్యెను; 1993 వరకు ఆ పదవిలో నుండెను. విమానముల ఆకృతిని నిర్ణయించుటకును, వర్షములను ముందుగ తెలిసికొనుటకును పెద్ద గణనయంత్రము అత్యవసరమయ్యెను. కాని ఆ దినములలో అట్టి యంత్రములు విదేశములలోనే తయారగుచుండెను. వాని ధర అధికము. పైగా అగ్రరాజ్యములు వానిని ఆంక్షలు లేకుండ విక్రయించెడివి కావు. ఒకరి దయకై ఎదురుచూచుచు కూర్చుండుటయా, చేతనైనంతలో మనమే చేసికొనుటయా అను ప్రశ్న వచ్చెను. నరసింహ రెండవ మార్గమును ఎన్నుకొనెను.

మహాబలశాలియైన ఒక్క యంత్రము దొరకనిచో, చిన్న యంత్రములు కొన్నింటిని కలిపి ఒకే పని చేయించవచ్చును గదా! డాక్టరు యు. ఎన్. సిన్హా నాయకత్వమున ప్రయోగశాలవారు 1986లో 'ఫ్లోసాల్వర్' అను యంత్రమును నిర్మించిరి. ప్రవాహములను సాధించునది యని దాని అర్థము. ఆ కాలపు చిన్న కంప్యూటరులలో నుండు ప్రాసెసరులను నాలుగింటిని అందులో కలిపిరి. మన దేశమున తయారైన తొలి సమాంతర గణనయంత్రము ఇదియే. నలుగురు నేతగాండ్రు నాలుగు మగ్గములమీద ఒకే వస్త్రపు నాలుగు ముక్కలను నేయుచున్నారనుకొనుడు. అంచులవద్ద పువ్వులు కలియవలెనన్న, ప్రతి వరుసకును పక్కవానితో మాటలాడుకొనవలెను. మాటలు తక్కువైనచో అంచులు కలియవు. ఎక్కువైనచో నేత సాగదు. ఈ కలయికను కుదుర్చుటలోనే సమాంతర గణనపు నేర్పంతయు నున్నది. ఈనాడు మీ ఇంటనున్న సెల్‌ఫోను ఆ మొదటి ఫ్లోసాల్వర్ కంటె అనేక రెట్లు శక్తిగలది. అంతమాత్రమున దాని విలువ తగ్గదు. నడక నేర్చినది ఆ యంత్రముతోనే. తరువాత అంతకంటె బలమైన ఫ్లోసాల్వర్ యంత్రములు వెలువడెను. వానిపై వర్షసూచనకు 'వర్ష' అను గణనక్రమమును నడపిరి. 1988లో స్థాపితమైన సీడాక్ సంస్థ 1991లో 'పరమ్' యంత్రమును నిర్మించెను.

యంత్రము వచ్చినంతనే నిజము తెలియదని నరసింహ ఎరుగును. గణనకు ప్రకృతియే సాక్ష్యము పలుకవలెను. 1990 వానకాలమున దేశములోని పలు సంస్థలు కలిసి జోధ్‌పూరు, ఢిల్లీ, వారణాసి, ఖరగ్‌పూరులలో ఎత్తైన కంబములను నిలిపి, నేల చేరువ గాలి వేగమును, వేడిని, తేమను కొలిచెను. ఆ మహాప్రయత్నమునకు ఆయన ప్రోత్సాహము మెండు. గాలి మిక్కిలి మెల్లగా వీచునపుడు వాడుకలోనున్న సూత్రములు సరిపడవని ఆ కొలతలవలన తేలెను. మన దేశమున అట్టి మందమారుతము సామాన్యము కనుక, తగిన కొత్త సూత్రమును ఆయనయు సహచరులును తరువాత ప్రతిపాదించిరి.

మరియొక చిత్రము వినుడు. చలికాలపు రాత్రి గాలి నిలిచి, ఆకాశము నిర్మలముగ నున్నపుడు అన్నిటికంటె చల్లనిది నేల యని మనము తలతుము. ఎల్. ఎ. రాందాస్ అను భారతీయ శాస్త్రజ్ఞుడు 1932లో అట్లు కాదని చూపెను. నేలకు జానెడు రెండు జానల ఎత్తున గాలి నేలకంటెను చల్లగా నుండునట! అనేకులు నమ్మలేదు. 1993లో నరసింహయు ఆయన సహచరులును ఉష్ణకిరణముల గణనతో దానికి కారణము చెప్పిరి. ఆ తరువాత బెంగుళూరులోనే జరిగిన ప్రయోగములు, గాలిలోని సూక్ష్మ కణముల పాత్ర అందులో ముఖ్యమని తెలిపి, ఆ వివరణను సవరించెను. శాస్త్రమున ఎవరి మాటయు తుదిమాట కాదు. సవరింపబడుట అవమానము కాదు.

వృద్ధాప్యమునందును ఆయనకు మేఘములపై మక్కువ తగ్గలేదు. జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత శాస్త్ర పరిశోధన కేంద్రమున ఆయన బృందము ఒక నీటితొట్టిలో మేఘమును అనుకరించెను. మామూలు పొగ పైకి పోవుకొలది వెడల్పగును. కాని కొన్ని మేఘములు స్తంభములవలె నిటారుగా లేచును. కారణమేమి? నీటియావిరి చినుకులుగా మారునపుడు గుప్తోష్ణము వెలువడి మేఘమునకు లోపలనే వేడి పుట్టును. దీనిని తొట్టిలో చూపుటకు వారు చక్కని ఉపాయము పన్నిరి. శుద్ధమైన నీటి అడుగునుండి కొంచెము ఆమ్లము కలిపిన నీటిధారను పైకి పంపిరి. కొంత ఎత్తున తీగలగుండ విద్యుత్తును ప్రసరింపజేసిరి. శుద్ధజలమున విద్యుత్తు సరిగా పారదు. ఆమ్లపు నీటిలో పారును. కనుక ఆ ధార మాత్రమే వేడెక్కెను. అంతట తొట్టిలోని ధార నిజమైన మేఘమువలెనే ఆకారములు దాల్చెను! 2011లో ఈ ఫలితములు ప్రచురితములయ్యెను. అదే ప్రవాహమును గణనయంత్రముపై కూడ అనుకరించి పోల్చిచూచిరి. లెక్క, ప్రయోగము, ప్రకృతి అను మూడును ఒక్క మాట పలికిననే గాని ఆయనకు తృప్తి కలిగెడిది కాదు.

ఆయన ఆసక్తి ప్రవాహములతో ఆగలేదు. మైసూరు సైన్యములు వాడిన రాకెట్ల చరిత్రను శోధించి వ్రాసెను. ప్రాచీన భారతీయ గణిత, ఖగోళములను అభిమానముతోను, విమర్శతోను పఠించెను. అబ్దుల్ కలామ్‌తో కలిసి ప్రవాహశాస్త్రముపై ఒక గ్రంథమునకు సంపాదకత్వము వహించెను. 1974లో భట్నాగర్ బహుమానము, 1987లో పద్మభూషణ్, 1992లో లండను రాయల్ సొసైటీ సభ్యత్వము, 2013లో పద్మవిభూషణ్ ఆయనను వరించెను. 2020 డిసెంబరు 14వ తేదీన, ఎనుబది ఏడవ ఏట, బెంగుళూరులో ఆయన కన్నుమూసెను.

ఈ లెక్కలవలన మనకేమి ప్రయోజనమని కొందరు అడుగవచ్చును. పసుపు ఉడికించి కల్లములో ఆరబెట్టిన కోరుట్ల రైతును అడుగుడు. రేపు అకాలవర్షము వచ్చునో రాదో తెలిసినచో అతనికి ఎంత మేలో అతడే చెప్పును. వరి కోసి ధాన్యము రాశిపోసిన జగిత్యాల రైతును అడుగుడు. 2021 సెప్టెంబరులో కుండపోత వానకు వీధులలో వరద పారినపుడు ఇంటిలోని నూలును, బట్టను ఎత్తుగా సర్దుకొనిన సిరిసిల్ల నేతకారుని అడుగుడు. వర్షసూచన ఒక్క దినము ముందుగ, ఒక్క మండలమువరకు నిక్కముగ తెలిసినచో ఎందరి శ్రమ నిలుచును! ఆ సూచన మేఘములోని సుడుల లెక్కపై ఆధారపడియున్నది.

కాలువగట్టున నన్ను ప్రశ్నించిన బాలునకు ఇప్పుడు నేనిట్లు బదులు చెప్పుదును: "నాయనా, నీ గడ్డిపరక ఏ గట్టునకు చేరునో నేటికిని నిక్కముగ చెప్పలేము. కాని నూరు పరకలు వేసినచో ఎన్ని కుడికి పోవునో, ఎన్ని ఎడమకు పోవునో చెప్పుటకు నేర్చుకొనుచున్నాము. రెనాల్డ్స్ ఒక రంగుదారముతో మొదలుపెట్టెను. రిచర్డ్‌సన్ తప్పు లెక్కతో దారి చూపెను. నరసింహ నాలుగు చిన్న ప్రాసెసరులతోను, ఒక నీటితొట్టితోను ఆ దారిని ముందునకు నడిపించెను. మిగిలిన లెక్క నీవంటివారికొరకు ఎదురుచూచుచున్నది." అడుగుటకు సంకోచింపక, తప్పునకు సిగ్గుపడక, తెలియనిదానిని తెలియదని ఒప్పుకొనుచు ముందునకు సాగువారికే ప్రకృతి తన రహస్యములను కొంచెము కొంచెముగ తెలుపును.

ప్రశ్నలు

1. ధారారేఖా ప్రవాహమునకును, సంక్షుబ్ధ ప్రవాహమునకును గల భేదమును ఊదువత్తి పొగ ఆధారముగ వివరింపుడు.
2. సరిహద్దు పొరలో సంక్షోభము ఎట్లు ఆరంభమగును? 1957లో నరసింహ చెప్పిన కొత్త సంగతి యేమి?
3. గణనలోని గదులను మగ్గముమీది నేతతో ఎందుకు పోల్చిరి? ఒక్కొక్క దిశను గదులను నాలుగు రెట్లు చేసినచో మొత్తము పని ఎన్ని రెట్లగునో లెక్కింపుడు.
4. రిచర్డ్‌సన్ తన తప్పు లెక్కను దాచక ప్రకటించుటవలన మనము నేర్చుకొనవలసినది యేమి?
5. నీటితొట్టిలో మేఘమును ఎట్లు అనుకరించిరి? ఆమ్లమును ఎందుకు కలిపిరి?
6. మీ ఊరి చెంతనున్న వాగునో, కాలువనో పెద్దల తోడుతో గట్టుననే నిలిచి పరిశీలించి, నీటి కదలికనుగూర్చి పది వాక్యములు వ్రాయుడు.